ఆ నిర్ణయం దేవుడిది కాదమ్మా, మీ అన్నయ్యది

‘‘ఆంటీ, నాకు 33 ఏళ్లు. గుంటూరులో అమ్మానాన్నలతో ఉంటున్నాను. బీఎస్సీ నర్సింగ్ చేశాను. 5 ఏళ్ల క్రితం ఐర్లాండ్ వెళ్లడానికి అన్నీ సిద్ధం చేసుకుంటుంటే నాన్నకు పక్షవాతం వచ్చింది. అప్పటి నుంచి ఆయన్ను నేనే చూసుకుంటున్నాను. సంబంధాలు చూడటం కూడా ఆగిపోయింది. అన్నయ్య హైదరాబాద్‌లో స్థిరపడ్డాడు. ‘అమ్మానాన్నల కోసమే దేవుడు నిన్ను నర్సును చేశాడు, అదే ఆయన ప్రణాళిక’ అంటాడు. జనవరి ఒకటిన చర్చిలో నేను తీసిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి దేవుడి మాటగా తీసుకునే బైబిల్ వాక్యం) యిర్మీయా 29:11. ‘మీ గురించి నా ఆలోచనలు మేలుకే గానీ హానికి కావు’ అని దేవుడు చెప్పే వాక్యం అది. అద్దానికి అంటించుకున్నాను. చదివినప్పుడల్లా ఏడుపొస్తోంది. నా విశ్వాసం తక్కువా? దేవుడి చిత్తానికి లోబడటం ఎలా?’’

– ఒక సోదరి, గుంటూరు

నీ విశ్వాసానికేమీ లోటు లేదమ్మా. రాత్రిళ్లు రెండు గంటలకోసారి లేచి నాన్నను పక్కకు తిప్పుతానని, ఇన్నేళ్లలో ఒంటి మీద ఒక్క పుండు కూడా పడనివ్వలేదని రాశావు. అంతకంటే లోబడటం ఏముంటుంది? ఆ ప్రశ్న ఇక వదిలెయ్యి.

నీ ఉత్తరం నాలుగు పేజీలుంది. దేవుడి గురించి మూడు పేజీలు రాశావు, అన్నయ్య గురించి నాలుగు వాక్యాలు. నేను ఆ నాలుగు వాక్యాలే మళ్లీ మళ్లీ చదివాను. క్రిస్మస్‌కు వచ్చి రెండు రోజులుంటాడు. వాళ్ల చర్చి సంఘంలో పెద్ద కాబట్టి ఆదివారాలు కుదరవు. డబ్బు అడిగితే ‘చూద్దాం’ అంటాడు. అమ్మేమో ‘వాడికి టెన్షన్ పెట్టకే’ అని నీ నోరు మూయిస్తుంది.

నాన్న మంచాన పడటం మీలో ఎవరి చేతిలోనూ లేదు. దాని గురించి దేవుణ్ని అడుగు, ఏడువు, కీర్తనల్లో దావీదు ఏడ్చినట్టు. కానీ ఆ మంచం పక్కన అయిదేళ్లు నువ్వొక్కదానివే ఉండాలన్నది మీ అన్నయ్య తీసుకున్న నిర్ణయం. మీ అమ్మ దానికి ఊ కొట్టింది. నువ్వేమో దాన్ని దేవుడి పద్దులో రాసుకున్నావు. అన్నయ్య మీద రావాల్సిన కోపం దేవుడి మీదికి మళ్లుతోంది. ఆ కోపానికి భయపడి నీ విశ్వాసాన్నే అనుమానిస్తున్నావు.

ఒకసారి బైబిల్లో మార్కు సువార్త 7వ అధ్యాయం తియ్యి. తల్లిదండ్రులకు చెందాల్సిన దాన్ని ‘కొర్బాను’, అంటే దేవుడికి అర్పితం అనేసి చేతులు దులుపుకొనేవాళ్లను యేసు మొహం మీదే నిలదీశాడు. మీ అన్నయ్య సంఘ సేవ మంచిదే, కాదనను. కానీ కన్నతండ్రికి స్పూనుతో జావ పట్టని చేతులు దేవుడి పనిలో తీరిక లేదంటే నేను ఒప్పుకోలేను.

మా అమ్మ చివరి రెండేళ్లు మంచంలోనే ఉంది. మేం నలుగురం వంతులు వేసుకున్నాం. విజయవాడలో అమ్మ దగ్గర ఉన్నది నేనే అయినా, మా తమ్ముడు నెలకు పది రోజులు వచ్చి బెడ్‌పాన్ కూడా తనే తీసేవాడు. మొదటిసారి వాకిట్లోకి వెళ్లి వాంతి చేసుకున్నాడు. తర్వాత అలవాటైంది. వాడికి పుణ్యం వచ్చిందో లేదో గానీ, అమ్మ పోయాక వాడు మనసు నిబ్బరంగా ఉన్నాడు. మీ అన్నయ్యకు ఆ అవకాశం కూడా లేకుండా చేస్తున్నావు నువ్వు.

ఇక ఆ కార్డు సంగతి. ఆ వాక్యం బబులోనుకు చెరగా, అంటే బందీలుగా వెళ్లిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. హనన్యా అనే అబద్ధ ప్రవక్త రెండేళ్లలో అంతా చక్కబడుతుందన్నాడు. యిర్మీయా 70 ఏళ్లన్నాడు. అని ఊరుకోలేదు, ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకోండి అని రాశాడు. కార్డు మీద 11వ వచనమే ఉంటుంది, నువ్వు 5, 6 కూడా చదువు. నమ్మి కూర్చోమని ఆయన ఎక్కడా అనలేదు. అనుకోని ఊళ్లో కూడా బతకమన్నాడు. నువ్వు అయిదేళ్లుగా ఏ తోటా నాటలేదమ్మా. చర్చి క్వయర్‌కు, ఆ పాటల బృందానికి వెళ్లడం కూడా మానేశావు. ఎవరు మానమన్నారు?

ఈ నెల మందులు, డైపర్లు, ఫిజియోథెరపీ ఖర్చంతా ఒక నోట్‌బుక్‌లో రాయి. పగలు మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో కూడా కనుక్కొని రాయి. అన్నయ్యకు ఫోన్ చేసి సగం ఖర్చు, ఏడాదిలో కనీసం నెల రోజులు అతని వంతని చెప్పు. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి గుంటూరులో ఉంటాడు. ‘దేవుడి ప్రణాళిక’ అని మొదలుపెడితే ‘అది నేనూ ఆయనా చూసుకుంటాం, నువ్వు ఎప్పుడొస్తున్నావ్?’ అని అడుగు. తల్లిదండ్రుల పోషణ కొడుకులూ కూతుళ్లూ అందరి బాధ్యతని 2007లోనే చట్టం వచ్చింది. మీ నాన్న ఆర్డీవో దాకా వెళ్లాలని నేను కోరుకోను, కానీ ఈ మాట అన్నయ్య చెవిన పడటంలో తప్పులేదు. అమ్మ ఏడుస్తుంది. ఏడవనీ, దగ్గర కూర్చో, మాట మాత్రం వెనక్కి తీసుకోకు.

మొన్న బీరువాలో అమ్మ చీరల కింద నీ పాస్‌పోర్టు కనిపించిందని, గడువు ఇంకా 7 నెలలే ఉందని, మళ్లీ అక్కడే పెట్టేశానని రాశావు. ఐర్లాండ్ వెళ్తావో లేదో తర్వాత తేల్చుకుందువు గానీ, దాన్ని బయటికి తీసి రెన్యువల్‌కు పెట్టు. వచ్చే ఆదివారం క్వయర్‌కు వెళ్లు. ఆ రెండు గంటలు నాన్న దగ్గర అమ్మ ఉంటుంది.