ఖైదీల ఓడల్లో చావులు ఎందుకు?

ప్రశ్న: ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు ఖైదీలను తరలించిన ఓడల్లో అంతమంది చనిపోవడానికి తుపానులే కారణమా?

జవాబు: కాదండి. 1787లో బయల్దేరిన 11 ఓడల్లో అలెగ్జాండర్ ఒకటి. దాని అడుగున చేరిన నీరు తోడక మురిగిపోయింది. ఆ ఆవిరికి అధికారుల కోటు గుండీలు కూడా నల్లబడ్డాయి! వైద్యుడు జాన్ వైట్ పట్టుబట్టి రోజూ తోడించాక జబ్బులు తగ్గాయి.

1790లో చేరిన రెండో బృందానిది మరీ ఘోరం. సుమారు వెయ్యిమంది ఎక్కితే నాలుగోవంతు మంది దారిలోనే పోయారు. గుత్తేదారుకు తలకు 17 పౌండ్ల పైనే ముట్టింది, అదీ ఎక్కించినవారి లెక్కన. ఎందరు బతికి దిగారన్నది పట్టలేదు. అందుకే తిండి కోశారు, చీలమండల మధ్య పొట్టి ఇనుప కడ్డీ బిగించారు. కదల్లేక తడిలోనే పడి ఉండేవారు. తర్వాత ప్రాణాలతో దింపితేనే కొంత సొమ్మన్నారు. 1815 నుంచి ఓడకో ప్రభుత్వ వైద్యుణ్ణి పెట్టారు.