రాని మనిషి పేరు ముందర ఏం రాస్తవు?

హన్మకొండ
ఉగాది తెల్లారి

బిడ్డా,

మీ బాపు ఫోన్ చేసి చెప్పిండు. పీజీ థీసిస్‌కు బైపోలార్ మనుషుల, అంటె ఒకపాలి పిచ్చి ఉషారు, ఒకపాలి దిగులు పట్టేటోళ్ల, లిథియం మందు సంగతి ఎత్తుకున్నవట, రెండేండ్ల ఫాలో-అప్ అట. మస్తు సంబురమైంది. మీ పెద్దమ్మకు రెండుసార్లు చెప్పిన, రెండుసార్లూ "విన్న గని ముందు తిను" అన్నది. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలే.

మామూలు సంగతులు నీకు ఎరుకే. ఎథిక్స్ కమిటీ సరే అననిదే ఒక్క మనిషిని చేర్చుకోకు. కన్సెంట్ ఫారం మన తెలుగుల రాయి, ఎవలైన ముసలమ్మకు చదివి వినిపించి చూడు. ఆఖరి గోలీ మింగినంక 12 గంటలకు తీసిన రక్తమే లెక్క. పొద్దుగాల గోలీ ఏసుకొని వచ్చినోళ్లను ఇంకోరోజు రమ్మను. కిడ్నీలకు క్రియాటినిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష ఆర్నెల్లకోసారి. గీ ముచ్చట్లు మీ గైడ్ నాకన్న మంచిగ చెప్తడు.

పాతయి కూడ చదువు. 1948ల ఆస్ట్రేలియాల జాన్ కేడ్ అనే డాక్టరు లిథియంతోని బాగు చేసిన మొదటి మనిషి ఇంటికి పోయిండు, నౌకరి జేసిండు, గోలీలు మానేసిండు, తిరిగి దవాఖానకే వచ్చిండు. మళ్ల లిథియం మొదలుపెడితే ఆఖరికి అదే విషమై 1950ల పానం పోయింది. మనం గీ డెబ్బై ఏండ్ల సంది పడుతున్న తిప్పలన్నీ ఆ ఒక్క మనిషి మీదనే కనవడ్డయి. 2010ల వచ్చిన బ్యాలెన్స్ అధ్యయనం కూడ చూడు. 330 మందిని మూడు జట్లు జేసిన్రు. వాల్‌ప్రోయేట్ అనే ఇంకో మందు ఒక్కటే ఇచ్చినోళ్లకన్న లిథియం ఉన్న జట్లు నయమని తేలింది. కని ఎవలు ఏ జట్టో చీటీలు తియ్యకముందే కొన్ని వారాలు అందరికి రెండు మందులూ ఇచ్చి చూసిన్రు, పడనోళ్లు అక్కడ్నే ఆగిపోయిన్రు. ఫలితం తప్పని అంటలేను. అది ఎవల గురించి చెప్తున్నదో చూడుమంటున్న.

ఇగ అసలు ముచ్చట. మీ బాపుకు కూడ చెప్పలే.

నేను కొత్తగ నౌకరిల చేరిన రోజులు. నీలెక్కనే ఒక రిజిస్టర్ పెట్టిన, లిథియం మీదున్నోళ్లను నెలనెలా చూసుడు. అండ్ల నర్సంపేట దిక్కు మిర్చి రైతు ఒకాయన ఉండె. దినాం మూడు గోలీలు, 900 మిల్లీగ్రాములు. రక్తంల లిథియం 0.8, బొమ్మ గీసినట్టు. అంతకుముందు ఎకరం అమ్మి ఊరందరికి బట్టలు పెట్టిన మనిషి, రెండేండ్లు నిమ్మళంగ ఉన్నడు. వచ్చినప్పుడల్లా ఒక సంచిల ఎండుమిర్చి తెచ్చెటోడు. ఎండకాలం రెండు నెలలు రాలే. నేను ఎర్ర పెన్నుతోని "మందు మానిండు" అని రాసిన. రానోళ్లంటే మానినోళ్లే అని మా లెక్క. ఆ లెక్కతోనే శాతాలు కట్టిన, ఒక మీటింగ్‌ల చదివిన, చప్పట్లు కొట్టిన్రు.

వానలు పడ్డంక ఆయన భార్య వచ్చింది. చెంగుల కట్టుకొచ్చిన గోలీలు బల్ల మీద పెట్టి, "మిగిలినయి సారూ, ఎవలకన్న పనికొస్తె ఇయ్యుండ్రి" అన్నది.

ఆయన మందు మాననే లేదు బిడ్డా. కల్లంల మోకాళ్లు పట్టేస్తె ఊర్లె ఆర్ఎంపీ పది రోజులు నొప్పుల గోలీలిచ్చిండు, సూదులేసిండు. ఆ నొప్పుల మందు లిథియంను కిడ్నీల నుంచి బయటకు పోనియ్యదు. దాని మీద ఎండదెబ్బ, వాంతులు, విరేచనాలు. ఒంట్లె నీళ్లు, ఉప్పు తగ్గినకొద్ది రక్తంల లిథియం పెరుగుతది. అయినా గోలీ తప్పలే. ఎందుకంటె "ఒక్క పూట తప్పినా ఊకోను" అని బెదిరించింది నేనే. చేతులు వణికినయి, నాలుక మొద్దువారింది. తాగిండనుకొని వాకిట్లనే పండవెట్టిన్రు. నాలుగో నాడు పట్నం తీస్కపోతె బతికిండు. నేను చూడవోయిననాడు నాకు చాయ్ ఇయ్యబోయిండు. గ్లాసు సగం నేల మీదనే. ఆ వణుకుడు, ఆ తూలుడు మళ్ల పోలే. నన్ను ఒక్క మాట అనలే. లోపలికి చూసి, "సారుకు మిర్చి కట్టు" అన్నడు.

అందుకే చెప్తున్న. నీ పట్టికల "డ్రాపౌట్" అనే గడి ఉంటది. అది నింపే ముందు ఆ మనిషి ఇంటికి పో. బతికున్నడా, మానిండా, వేరే దవాఖానకు పోతున్నడా, చేతులు వణుకుతున్నయా, కండ్లతోని చూసి రాయి. చేర్చుకున్న నాడే ఇద్దరి ఫోన్ నంబర్లు తీస్కో, ఒకటి ఇంటి ఆడమనిషిది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజులల్ల, మేడారం జాతర వారంల ఎవ్వలూ రారు. ఆ తారీఖులు ఇయ్యకు. అందరికి ఒక చిన్న కార్డు రాసియ్యి: వాంతులో విరేచనాలో పట్టుకుంటె గోలీ ఆపి అదే రోజు ఫోన్ చెయ్యాలె, నొప్పుల మందు అడగకుంట మింగొద్దు, బీపీ అని ఉప్పు ఒక్కపాలి బంద్ చెయ్యొద్దు. బాగనే ఉన్నంక సొంతంగ మానొద్దని కూడ రాయి, ఒక్కసారి ఆపితె పిచ్చి ఉషారు తిరగబడి వస్తది. ఆర్ఎంపీలను చూసి మొకం తిప్పుకోకు, వాళ్లతోని చాయ్ తాగు. నీకన్న ముందు రోగిని చూసేది వాళ్లే.

ఊర్లకు ఒక్కదానివే పోకు. పగటీలి స్కూటీ మీద అసలే పోకు. నవ్వుతవు, నవ్వు. నాకు మే నెలంటె ఇప్పటికీ భయమే.

చిన్నప్పుడు బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు కట్టలు లెక్కవెట్టి, ఒకటి తక్కువైందని రాత్రి దాక ఏడ్చినవు, యాదికుందా? మీ పెద్దమ్మ పక్కింటి నుంచి తెచ్చి పెడితె, "ఇది మనది కాదు" అన్నవు.

ఆ రిజిస్టర్ ఇనుప పెట్టెల ఉన్నది. ఎర్ర పెన్ను ఉన్న పేజీ మడతవెట్టి పెట్టిన. ఆదివారం చల్లవడ్డంక రా, తీస్కపోదువు. పెద్దమ్మ సకినాలు చేస్తనంటున్నది.

మీ పెద్దబాపు