గ్యాసా, గుండెనొప్పా అని ఇంట్లోనే తేల్చుకుంటూ కూర్చోవద్దు

రెండు రోజులుగా ఛాతీలో ఎడమవైపు పొడుస్తోంది, వేలితో నొక్కితే ఎక్కువవుతోంది, వయసు 34, గ్యాస్ అనుకుని వదిలేయొచ్చా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. నాకొకసారి, మా నాన్నకొకసారి వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

నాది అచ్చం మీలాంటిదే. ఇదిగో ఇక్కడ అని ఒక్క వేలితో చూపించగలిగేంత చోటు. పక్కకి తిరిగినా, గట్టిగా ఊపిరి పీల్చినా చురుక్కుమనేది. పక్కటెముకలు రొమ్ము ఎముకతో కలిసే చోట వాపు, కాస్టోకాండ్రైటిస్ అన్నారు. కొన్ని వారాల్లో తగ్గిపోయింది. అయితే నొక్కితే నొప్పి పుట్టింది కదా అని డాక్టర్ అక్కడితో ఆగలేదు. ఈసీజీ చూశాకే ఆ మాట చెప్పారు.

నాన్న సంగతి వేరు. తెల్లవారుజామున లేచి మంచం అంచున కూర్చున్నారు. "నొప్పిగా ఉందా నాన్నా?" అంటే, "నొప్పేం లేదురా, ఏదో బరువు పెట్టినట్టుంది. గ్యాసే" అన్నారు. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది, బనియన్ మాత్రం తడిసి వీపుకి అంటుకుపోయింది. గ్యాస్ మందు ఇచ్చాను. త్రేనుపు వచ్చి కాస్త తేలికైందన్నారు. ఆ త్రేనుపుని నమ్మి గంటన్నర పోగొట్టాను. తర్వాత దవడ లాగుతోందన్నారు, పన్నేమో అనుకున్నాం!

ఆస్పత్రిలో మొదటి ఈసీజీలో పెద్దగా ఏమీ తేలలేదు. అయినా పంపించకుండా ఉంచి, కొన్ని గంటల తేడాతో ట్రోపోనిన్ రక్తపరీక్ష రెండుసార్లు చేశారు. రెండోసారి పెరిగింది, అంటే గుండెపోటే. స్టెంట్ వేశారు. గుండె కండరం దెబ్బతిన్నాక రక్తంలో ట్రోపోనిన్ పెరగడానికి కొంత సమయం పడుతుందట. అందుకే ఒక్క ఈసీజీ బాగుందని ఇంటికి వచ్చేయడానికి లేదు.

అప్పటినుంచి ఎవరినీ "నొప్పా?" అని అడగను. బరువుగా ఉందా, పట్టేసినట్టుందా, చేతికో మెడకో దవడకో వీపుకో పాకుతోందా, చెమట, ఆయాసం, వికారం ఉన్నాయా అని అడుగుతాను. ఛాతీలో అలాంటి ఇబ్బంది కొన్ని నిమిషాలకు మించి ఉన్నా, తగ్గి మళ్ళీ వస్తున్నా అంబులెన్స్ పిలవాల్సిందే. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లొద్దు. షుగర్ ఉన్నవాళ్లకి, పెద్దవాళ్లకి, ఆడవాళ్లకి ఒక్కోసారి ఛాతీ నొప్పే ఉండదు, ఆయాసమో విపరీతమైన నీరసమో మాత్రమే ఉంటుంది.

ఆస్పిరిన్ నమలమని చాలామంది చెబుతారు. ముందు అంబులెన్స్‌కి ఫోన్ చేయండి, వాళ్లు వేసుకోమంటే వేసుకోండి. అలర్జీ, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లకి అది పనికిరాదు. ఛాతీ చీలుస్తున్నట్టు నొప్పి వచ్చి వీపులోకి పోతుంటే పెద్ద రక్తనాళమే చీలి ఉండొచ్చు, అప్పుడు ఆస్పిరిన్ ప్రమాదం. ఇంట్లో ఇంకొకరికి గుండెనొప్పికని రాసిన, నాలుక కింద పెట్టుకునే మాత్ర కూడా వద్దు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

మీరు రాసినదాన్ని బట్టి కండరమో పక్కటెముకో అనిపిస్తోంది. అయినా ఇవాళే చూపించుకుని ఈసీజీ తీయించుకోండి. ఈలోగా ఆయాసం మొదలైనా, ఒక కాలు వాచినా ఎమర్జెన్సీకే వెళ్లండి, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టినా ఇలాగే ఉంటుంది. మెట్లెక్కితే నొప్పి పెరిగి, ఆగితే తగ్గుతోందా అన్నది మీరు రాయలేదు. డాక్టర్ అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి, గుర్తు చేసుకుని వెళ్లండి. కావాలని ఎక్కి మాత్రం చూడకండి.