అది అప్పే అనండి, గిఫ్ట్ అనకండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. సిమెంటు, ఇనుము దుకాణం ఉంది. 2023 జూన్ 11 ఆదివారం మా అమ్మకు గుండెపోటు వస్తే హైదరాబాద్ తీసుకెళ్లాం. బావమరిది మిర్చి అమ్మిన డబ్బు ఇంట్లో ఉందని 8 లక్షలు నగదు తెచ్చిచ్చాడు. అదే రోజు ప్రోనోటు రాసిచ్చాను. తర్వాత మాకు చెడింది. మొన్న సంక్రాంతికి లక్షన్నర నగదుగా తిరిగి ఇచ్చాను, నోటు మీద చెల్లు రాయించుకోలేదు. మార్చిలో ఇన్‌కమ్ ట్యాక్స్ స్క్రూటినీ ముగిసింది, అప్పును ఒప్పుకున్నారు. ఇప్పుడు 8 లక్షలు పెనాల్టీ ఎందుకు వేయకూడదో చెప్పమని ఆదాయపన్ను చట్టం 271డి సెక్షన్ కింద నోటీసు వచ్చింది. గిఫ్ట్ డీడ్ రాయించుకుంటే బయటపడతావని తెలిసినాయన అంటున్నాడు. కన్నతల్లి కోసం తీసుకున్న డబ్బుకి ఇంత శిక్షా?

జవాబు: ఉత్తరంలో నాలుగు పేజీలు బావమరిది గురించే రాశారు. స్క్రూటినీ ముగిశాక అధికారి ఇచ్చిన అసెస్‌మెంట్ ఆర్డరు కాపీ మాత్రం జత చేయలేదు. మీ కేసులో అన్నిటికంటే ముందు చూడాల్సిన కాగితం అదే.

ఎందుకో చెబుతాను. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పు నగదుగా తీసుకోకూడదని 269ఎస్ఎస్ సెక్షన్ చెబుతోంది. తప్పితే 271డి కింద అప్పు ఎంతో పెనాల్టీ అంత. అయితే ఈ ఉల్లంఘన జరిగిందని, పెనాల్టీ చర్య అవసరమని అసెస్‌మెంట్ ఆర్డరులోనే అధికారి తనకు నమ్మకం కుదిరినట్టు (చట్టం భాషలో ‘సంతృప్తి’) నమోదు చేసి ఉండాలి. అది లేకపోతే పెనాల్టీ నిలవదని 2015లో జై లక్ష్మి రైస్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. మన తెలంగాణ హైకోర్టు కూడా 2022లో ఇదే సూత్రాన్ని 271డికి వర్తింపజేసింది. ఆర్డరు చివరి పేజీల్లో ఆ మాట ఉందా లేదా? లేకపోతే మీ జవాబులో మొదటి పేరా అదే కావాలి, అమ్మగారి ఆరోగ్యం మాట ఆ తర్వాతే. పెనాల్టీ ఆర్డరు వేయడానికి డిపార్ట్‌మెంటుకూ 275 సెక్షన్ కింద గడువు ఉంది. ఆ లెక్క వేయాలన్నా ఆర్డరు తేదీ, నోటీసు తేదీ రెండూ కావాలి.

ఆర్డరులో ఆ మాట ఉందనుకుందాం. అప్పుడు మీకు మిగిలేది 273బి, అంటే సహేతుక కారణం. ఇక్కడే మీ కథ మీకే అడ్డం తిరుగుతోంది. మీరు పంపిన రశీదుల ప్రకారం ఆ ఆదివారం రాత్రి ఆసుపత్రిలో కట్టిన నగదు 1,90,000. మిగతా 6,10,000 బుధవారం, జూన్ 14న, దుకాణం కరెంటు ఖాతాలో జమైంది. అదే రోజు సిమెంటు కంపెనీకి ఆర్‌టీజీఎస్ (బ్యాంకు నుంచి బ్యాంకుకు బదిలీ) వెళ్లింది. ఇది అమ్మగారి వైద్యం ఎలా అవుతుందండీ? అధికారి చేతిలోనూ అదే స్టేట్‌మెంటు ఉంటుంది.

కాబట్టి మొత్తం 8 లక్షలకు ఒకే కారణం చెప్పకండి. 1,90,000కు వాదన గట్టిది: అడ్మిషన్ కాగితం, రాత్రి సమయంతో రశీదు ఉన్నాయి. ‘ఆన్‌లైన్‌లో ఎందుకు పంపించుకోలేదు’ అని అడుగుతారు. 2020 డిసెంబరు నుంచి ఆర్‌టీజీఎస్ కూడా 24 గంటలూ పనిచేస్తోంది, బ్యాంకు సెలవు అన్న ఒక్క మాట చాలదు. కానీ ఇంట్లో ఉన్న నోట్ల కట్టలను ఆదివారం కౌంటరు లేకుండా ఖాతాలో వేయడం అంత తేలిక కాదు కదా. బావమరిది పాస్‌బుక్‌లో ఆ వారం నిల్వ లేదని చూపించగలిగితే ఈ మాటకు బలం వస్తుంది. మిగతా 6,10,000కు ‘దగ్గరి బంధువు, నిజమైన అప్పు, పన్ను ఎగవేత లేదు’ అన్న వాదనే ఉంది. ఆదాయపన్ను ట్రిబ్యునళ్లు కొన్ని కేసుల్లో దీన్ని అంగీకరించాయి. ఖాయమని మాత్రం నేను చెప్పను.

బావమరిది రైతు కాబట్టి మినహాయింపు ఉందని ఎవరో చెప్పారని రాశారు. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేనప్పుడే అది వర్తిస్తుంది. మీకు దుకాణం ఉంది. 19,900 చొప్పున విడగొట్టి తీసుకుంటే సరిపోయేదన్న సలహా కూడా తప్పే, చట్టం చూసేది ఆ మనిషికి మీరు బాకీ ఉన్న మొత్తాన్ని.

ఇక గిఫ్ట్ డీడ్. దాని జోలికి వెళ్లకండి. భార్య సోదరుడు చట్టప్రకారం బంధువే, ఆయనిచ్చిన గిఫ్టుకు పన్ను లేదు, అంతవరకు మీ సలహాదారు చెప్పింది నిజం. అయితే అప్పు కాదని మీరు అన్న మరుక్షణం అది 269ఎస్‌టీ పరిధిలోకి వస్తుంది. ఒక్క రోజులో ఒక్క మనిషి నుంచి రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకుంటే 271డీఏ కింద అంతే మొత్తం పెనాల్టీ. అంటే 8 లక్షలు అక్కడా 8 లక్షలే. పైగా మీ ఆడిటరు ఫారం 3సీడీ (ఆడిట్ నివేదిక) 31వ క్లాజులో దాన్ని అప్పుగా రాసిచ్చాడు, స్క్రూటినీలో మీరూ అప్పనే చెప్పారు. ఇప్పుడు పాత తేదీతో కాగితం పుట్టిస్తే స్టాంపు పేపరు అమ్మిన తేదీ, నోటరీ రిజిస్టరు మిమ్మల్ని పట్టిస్తాయి. తప్పుడు వాంగ్మూలానికి 277 కింద ప్రాసిక్యూషన్ ఉంది. ఇప్పటిదాకా మీ సమస్య పెనాల్టీ ఒక్కటే, దాన్ని క్రిమినల్ కేసు చేసుకోకండి.

మీరు భయపడుతున్న ప్రోనోటు నిజానికి మీ సాక్షి. అప్పు నిజమని అధికారి నమ్మకపోయి ఉంటే 68వ సెక్షన్ కింద ఆ 8 లక్షలను మీ ఆదాయంగా కలిపేవాళ్లు. అప్పుడు పన్ను, సర్‌చార్జి, సెస్ కలిపి 78 శాతం. కాబట్టి జూన్ 11తో మూడేళ్లు నిండి నోటు మురిగిపోతుందని ఎదురుచూడకండి. సివిల్ కోర్టులో అప్పే లేదని, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో అప్పు నిజమని రెండు నాలుకలతో మాట్లాడలేరు. బావమరిది ఎలాగూ ఆ తేదీలోపు దావా వేస్తాడు, కోర్టు ఖర్చులు అదనం.

సంక్రాంతికి నగదుగా ఇవ్వడం మాత్రం క్షమించరాని అజాగ్రత్త. స్క్రూటినీ నడుస్తుండగా ఆ పని చేశారు. తిరిగి చెల్లించేటప్పుడూ 269టీ ప్రకారం బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, లేకపోతే 271ఈ కింద మరో లక్షన్నర పెనాల్టీ పడొచ్చు. చెల్లు రాయించుకోలేదు కాబట్టి రేపు ఆయన ‘ఇవ్వలేదు’ అన్నా మీ దగ్గర రుజువు లేదు. ఆ రోజుల్లో వాట్సాప్‌లో డబ్బు ముట్టినట్టు ఏదైనా రాసుకుంటే ఆ ఫోను అమ్మకండి, మార్చకండి. ఆడిటరుకు ఈ విషయం చెప్పండి. ఆ ఏడాది 3సీడీలో రావాల్సిందే, దాచమని అడగొద్దు.

ముందు బంధువుల్లో పెద్దమనిషిని ఒకరిని పెట్టి బావమరిదితో మాట్లాడుకోండి. మిగిలిన 6,50,000 అకౌంట్ పేయీ చెక్కుతోనో ఆర్‌టీజీఎస్‌తోనో ఇచ్చి, నోటు వెనక లక్షన్నరతో సహా చెల్లు రాయించి నోటు వెనక్కి తీసుకోండి. ఒకేసారి కుదరకపోతే జూన్ 11లోపు కొంత చెక్కు ఇవ్వండి. దాంతో ఆయనకు మళ్లీ మూడేళ్ల గడువు వస్తుంది, దావా తొందర తగ్గుతుంది. ఆ చల్లారిన వేళలోనే ఆయన పాస్‌బుక్, మార్కెట్ యార్డు తక్‌పట్టీలు (మిర్చి అమ్మిన చీటీలు), అప్పిచ్చినట్టు ఒక కన్ఫర్మేషన్ లెటరు తీసుకోండి. ఆయన సహకారం లేకుండా మీ జవాబు నిలబడదు.

నోటీసుకు గడువు సరిపోకపోతే ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోనే వాయిదా కోరండి, గమ్మున ఊరుకోకండి. పెనాల్టీ పడినా డిమాండ్ నోటీసు అందిన 30 రోజుల్లో ఫారం 35లో కమిషనర్ అప్పీల్స్ ముందు అప్పీలు వేసుకోవచ్చు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం వచ్చింది కదా, పాతది పోయిందేమోనని కంగారు వద్దు, ఆశా వద్దు. మీ లావాదేవీ జరిగిన ఏడాదికి 1961 చట్టమే. అసెస్‌మెంట్ ఆర్డరు మీ ఇ-ఫైలింగ్ ఖాతాలోనే ఉంటుంది, డౌన్‌లోడ్ చేసుకుని ఈ వారంలోనే దగ్గర్లోని టాక్స్ వకీలుకు చూపించండి.