ఆపరేషన్ థియేటర్ బయట అడిగిన కులం

ఆదివాసుల వంటి సముదాయాల్లో జన్యు భేదాల వల్ల కొన్ని మందులు వేరుగా పనిచేస్తాయన్నది నిజమేనా అని అడిగారు. నిజమే. మలేరియా తిరగబెట్టకుండా ఇచ్చే ప్రైమాక్విన్, జి6పిడి అనే ఎంజైము లోపించినవారిలో ఎర్ర రక్తకణాలను చిదిపేస్తుంది. మన ఆదివాసుల్లో కనిపించే ఒక రకం లోపానికి జి6పిడి ఒరిస్సా అనే పేరే ఉంది. అయితే ఇదంతా అడవుల్లో ఉండేవారి సంగతి అనుకోవడం పొరపాటు. చెన్నై జార్జిటౌనులో మూడు తరాలుగా పప్పుల వ్యాపారం చేస్తున్న మా ఇంట్లోనే ఇటువంటిది జరిగింది.

2011లో మా చిన్నాన్నకు అపెండిక్సు నొప్పి వచ్చి, రాత్రికి రాత్రే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. గంటలో అయిపోతుందన్నారు, అయిపోయింది కూడా. మనిషిని మాత్రం బయటకు తీసుకురాలేదు. పిన్ని చేతిలోని ఫ్లాస్కు చల్లారిపోయింది. తెల్లవారుజామున మత్తు డాక్టరుగారు వచ్చి మా నాన్నగారిని తమిళంలో అడిగిన మొదటి ప్రశ్న, "మీరు కోముట్టి చెట్టియార్లా?" అని; అంటే ఆర్యవైశ్యులా అని, మేము వాళ్లమే. తమ్ముడికి ఊపిరి అందడం లేదంటే కులం అడుగుతారేమిటని నాన్నగారు మండిపడ్డారు. డాక్టరుగారు అడగవలసిందే అడిగారని, కాకపోతే సూది వేసే ముందు అడగవలసిందని నాకు తరువాత తెలిసింది.

గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే సక్సినైల్ కోలిన్, ఆసుపత్రి వాళ్ల మాటలో స్కోలిన్, మామూలుగా పది నిమిషాల్లో దిగిపోతుంది. కాలేయంలో తయారై రక్తంలో తిరిగే బ్యూటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము దానిని విరిచేస్తుంది. ఆర్యవైశ్యుల్లో కొందరికి ఆ ఎంజైములో 307వ స్థానంలో ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ ఉంటుంది, అది అటు తల్లి నుంచీ ఇటు తండ్రి నుంచీ వస్తే ఎంజైము ఉండీ లేనట్టే కాబట్టి మందు గంటల తరబడి దిగదు. అంతవరకు మత్తు కొనసాగిస్తూ వెంటిలేటరు మీద ఉంచి కాచుకోవాలి. చిన్నాన్నకు నడుమ మత్తు తేలిపోయిందట; నర్సులు టీ గురించి మాట్లాడుకోవడం కూడా వినిపించిందట, కనురెప్ప మాత్రం కదపలేకపోయారు.

ఈ లోపం ఇతరులకంటే వైశ్యుల్లో దాదాపు వంద రెట్లు ఎక్కువని, హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న 2017 నాటి పరిశోధన చెప్పింది. వేల ఏళ్లుగా మనలో మనమే ఇచ్చిపుచ్చుకుంటే ఇంకేమవుతుంది? 102 గోత్రాలు వల్లించి సగోత్రం తప్పించామని సంతోషపడి, వెంటనే మేనరికం కుదుర్చుకునే మనవాళ్లను చూస్తే నాకు నవ్వు రాదు. జాతకం చూపించే ముందు ఈ లోపం ఉందేమో రక్తపరీక్ష చేయించాలన్నది నా ఖచ్చితమైన అభిప్రాయం, ఎవరేమనుకున్నా సరే.

ఇంతకంటే నన్ను మండించింది డిశ్చార్జి కాగితం. అందులో "స్పృహ ఆలస్యంగా వచ్చింది" అని ఒక్క ముక్క రాశారు తప్ప, ఎంజైము పేరు గానీ, ఈ సూది మళ్లీ వేయకూడదన్న హెచ్చరిక గానీ లేదు. మేమే అడిగి అడిగి రాయించుకున్నాము. తోబుట్టువుల్లో ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందని డాక్టరుగారు చెప్పగా నాన్నగారు పరీక్ష చేయించుకున్నారు. ఆయనకూ ఎంజైము లేదని తేలింది. మరుసటి ఏడాది హెర్నియా ఆపరేషనుకు ఆ కాగితం చూపించగానే స్కోలిన్‌కు బదులు రోక్యురోనియం అనే మందు వాడారు, సాయంత్రానికి నాన్నగారు ఇడ్లీ తిన్నారు. మా మేనత్త మాత్రం, బాగున్నవాళ్లకు పరీక్షలెందుకురా అంటూ ఇప్పటికీ సూది గుచ్చనివ్వడం లేదు.