నీలం అంటే ఆకాశం కాదు

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. జెండాల పటం గోడకు అంటించుకుని రోజుకొక దేశం నేర్చుకుంటున్నాడు. ఆఫ్రికాలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జెండాలే ఎక్కువ. బోట్స్వానా దగ్గరికి వచ్చేసరికి లేత నీలం, నడుమ నల్లపట్టీ. "వాళ్లకు సముద్రమే లేదు కదమ్మా, నీలం ఎందుకు?" అంటున్నాడు. మీరు అక్కడ పనిచేశారని రాశారు కాబట్టి అడుగుతున్నాను.
– ఒక తల్లి, నంద్యాల

జవాబు: మీవాడికి వచ్చిన అనుమానం నాకు రాలేదమ్మా. గాబరోన్‌లో లెక్కల మాస్టారుగా చేరిన కొత్తలో, భిన్నాలు చెప్పడానికి వాళ్ల జెండానే బోర్డు మీద గీశాను. దాని కొలతలు అందుకు భలేగా కుదురుతాయి. ఎత్తును 24 భాగాలు చేస్తే పైన 9 నీలం, 1 తెలుపు, 4 నలుపు, మళ్లీ 1 తెలుపు, కింద 9 నీలం. "ఇందులో ఆకాశం ఎంత వంతు?" అన్నాను. ముందు వరుసలో ఒక అమ్మాయి లేచి, "ముప్పాతిక వంతు, రా. కానీ అది ఆకాశం కాదు, పులా" అంది. 'రా' అనేసరికి ఉలిక్కిపడ్డాను. సెట్స్వానాలో అది 'అయ్యా' అనే మర్యాద మాట. చెవికి అలవాటు కావడానికి నెల పట్టింది.

పులా అంటే వాన. దేశంలో చాలా భాగం కలహారి ఎడారే. అలాంటి చోట వానను మించిన వరం ఏముంటుంది? అందుకే ఆ మాటకు దీవెన అనే అర్థం కూడా ఉంది. సభలో పెద్దమనిషి మాట్లాడడం ముగించి "పులా!" అంటే జనమంతా "పులా!" అని అందుకుంటారు. రాజచిహ్నం మీద రాసి ఉన్నదీ ఆ ఒక్క మాటే. 1976లో దక్షిణాఫ్రికా రాండ్‌ను వదిలి సొంత డబ్బు తెచ్చుకున్నప్పుడు దానికీ పులా అనే పేరు పెట్టారు. అంటే నాకు నెలనెలా వానే జీతంగా ముట్టేది. అనంతపురం జిల్లాలో పుట్టినవాడికి అంతకన్నా ఏం కావాలి! 1966 సెప్టెంబరు 30న స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం పెద్ద కరవులో ఉంది. ఒరాపాలో వజ్రాలు బయటపడింది ఆ మరుసటి ఏడాది. అప్పటికి చేతిలో ఏమీ లేదు. కొత్త జెండాలో ముప్పాతిక వంతు వానకు ఇచ్చారంటే అది ఎంత ఎదురుచూపో చూడండి.

నలుపు తెలుపు పట్టీలు నల్లవారు, తెల్లవారు కలిసి బతకడానికి గుర్తు. సరిహద్దు దాటితే దక్షిణాఫ్రికాలో అప్పట్లో బెంచీలు కూడా రంగును బట్టే. ఆ పట్టీలు చూసినప్పుడల్లా నాకు తొలి అధ్యక్షుడు సెరెత్సే ఖామా దంపతులే గుర్తొస్తారు. నల్లజాతి రాజవంశానికి చెందిన ఆయన 1948లో లండన్‌లో రూత్ విలియమ్స్ అనే ఇంగ్లీషు అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. దక్షిణాఫ్రికా మండిపడింది, బ్రిటన్ దానికి తలొగ్గి ఆయనను దేశం నుంచి వెళ్లగొట్టింది. రాచరికపు హక్కు వదులుకున్నాకే, 1956లో, తిరిగి రానిచ్చారు.

పిల్లలను అడిగితే మాత్రం ముందు జీబ్రా పేరే చెబుతారు. అది వాళ్ల జాతీయ జంతువు, ఫుట్‌బాల్ జట్టుకూ అదే పేరు. రాజచిహ్నంలో రెండు జీబ్రాలుంటాయి. ఒకటి ఏనుగు దంతం పట్టుకుంటే, రెండోది పట్టుకున్నది ఏమిటనుకున్నారు? మన జొన్నకంకి!

ఇక ఆ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ ఇథియోపియావి. 1957లో ఘనా తీసుకుంది, తర్వాత చాలా దేశాలు అదే బాట పట్టాయి.

మీవాడిని ఆ జెండా బొమ్మను ఒకసారి తలకిందులు చేసి చూడమనండి. మా బడిలో జెండా కట్టే పని ఎంత చిన్న పిల్లవాడికి అప్పగించినా మాకు దిగులుండేది కాదు.