వేప్ కాయిల్ పది రోజులకే మాడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: అన్నా, మాది జగిత్యాల దగ్గర ఊరు. దుబాయిలో ఏసీ మెకానిక్‌గా చేస్తున్నా. సిగరెట్ మానుదామని రెండేళ్ల కింద వేప్, అదే ఈ-సిగరెట్, పట్టుకున్నా. దానితో బాధ ఏందంటే లిక్విడ్‌ను వేడి చేసే తీగచుట్ట, అదే కాయిల్, పది రోజులు కూడా ఆగదు, మాడు రుచి వచ్చేస్తుంది, నెలకు మూడు నాలుగు మార్చాల్సిందే. ఇప్పుడు రెండు నెలల సెలవు మీద ఇంటికి వచ్చా, వెంట తెచ్చుకున్నవి అయిపోవస్తున్నాయి. ఎక్కువ రోజులు వచ్చే, ధర తక్కువలో ఉండే అటామైజర్ (కాయిల్, ట్యాంక్ ఉండే భాగం) ఏదైనా చెప్పండి. వరంగల్‌లో ఎక్కడ దొరుకుతాయి?

జవాబు: తమ్ముడూ, చివరి ప్రశ్నకు ముందు చెప్తా, అది చిన్నది. వరంగల్‌లోనే కాదు, దేశంలో ఎక్కడా వీటిని చట్టప్రకారం అమ్మే దుకాణం లేదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్స్ వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో చట్టమైంది. తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నిషేధమే. నువ్వు గమనించాల్సింది ఇంకోటి ఉంది, పూర్తి పరికరమే కాదు, దాని ఏ భాగమైనా అదే లెక్క అని చట్టంలో రాసి ఉంది, అంటే ఒట్టి కాయిల్ కూడా. తయారుచేస్తూనో, దిగుమతి చేస్తూనో, అమ్ముతూనో మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదంటే రెండూ. బ్యాగులో పెట్టుకుని వచ్చావంటే అది దిగుమతి కిందికే వస్తుంది, ఈసారి ఎవరూ అడగలేదేమో గానీ మళ్లీ మాత్రం తేకు. ఇక ఎవరో చాటుగా అమ్ముతారు కదా అంటావేమో, ఆ సరుకు అసలుదో నకిలీదో, లోపలి తీగ ఏ లోహమో, నువ్వు కాదు కదా అమ్మేవాడే చెప్పలేడు. పాడైతే పోయి అడిగే దిక్కుండదు.

ఇక అసలు సంగతి. పది రోజులకే కాయిల్ పోతోందంటే నాకు అనుమానం కాయిల్ మీద కాదు, నీ లిక్విడ్ మీద. ఏ ఫ్లేవరో నువ్వు రాయలేదు, మామిడో కస్టర్డో అయ్యుంటుందని నా ఊహ. తీపి ఫ్లేవర్లలో చాలావాటికి సుక్రలోజ్ అనే కృత్రిమ తీపి కలుపుతారు, అది వేడికి ఆవిరై పోదు, తీగ మీదా, దాని మధ్య లిక్విడ్ పీల్చుకునే దూది మీదా నల్లగా పేరుకుంటుంది. బెల్లం పాకం అడుగంటిన గిన్నె చూశావు కదా, అదే. ఆ మడ్డి పట్టాక కొత్త లిక్విడ్ దూదిలోకి ఎక్కదు, ఎక్కకపోతే దూది మాడుతుంది. తీపి లేని, రంగు లేకుండా నీళ్లలా కనిపించే లిక్విడ్‌కు మారి చూడు, అదే కాయిల్ రెండు మూడు వారాలు వచ్చినా ఆశ్చర్యపోను.

రెండోది నీ తొందర. నువ్వు ఏసీ మెకానిక్‌వి, నీకు ఇది నాకంటే బాగా తెలుస్తుంది: గ్యాస్ లేకుండా కంప్రెసర్ నడిపితే చల్లబరిచేది ఏమీ లేక వైండింగ్ కాలిపోతుంది. కాయిల్‌కు ఆ గ్యాస్ పని లిక్విడ్ చేస్తుంది. గుక్క మీద గుక్క పీలుస్తూ పోతే దూది తడుపుకునే టైం ఉండదు. కొత్త కాయిల్ వేసినప్పుడు ముందు దూది మీద నాలుగైదు చుక్కలు వేసి, ట్యాంక్ నింపి, ఓ పది నిమిషాలు పక్కన పెట్టు. డ్యూటీ విరామంలో అంత ఓపిక ఉండదని తెలుసు, అందుకే రాత్రి మార్చుకో. వాట్లు ఎంత పెట్టాలో కాయిల్ మీదే రాసి ఉంటుంది, ఆ రెండు అంకెల్లో కింది అంకె దగ్గర మొదలుపెట్టు. లిక్విడ్ చిక్కదనం కూడా చూసుకో. గ్లిజరిన్ ఎక్కువున్నది తేనెలా చిక్కగా ఉంటుంది, చిన్న పాడ్‌ల (లిక్విడ్ ఉండే చిన్న డబ్బీల) సన్న రంధ్రాల్లోకి అది సరిగా ఎక్కదు. పాడ్‌కు గ్లిజరిన్ సగం, ప్రొపైలిన్ గ్లైకాల్ అనే పల్చటి ద్రవం సగం ఉన్నది, పెద్ద ట్యాంక్‌కు చిక్కటిది.

ధర తక్కువ అన్నావు కాబట్టి, తిరిగి వెళ్లాక అక్కడి దుకాణంలో మనమే తీగ చుట్టుకునే ట్యాంక్ అడుగు. ట్యాంక్‌కు ఒకసారే ఖర్చు. ఆ తర్వాత కాంతల్ అనే వేడికి తట్టుకునే తీగ చుట్టొకటి, దూది ప్యాకెట్ ఒకటి కొంటే నెలల తరబడి వస్తాయి, కాయిల్ మొత్తం పారేయకుండా దూది మాత్రమే మార్చుకుంటే సరిపోతుంది. తీగ నిరోధం, అదే ఓమ్స్, కొలవడం నీకు కొత్తేమీ కాదు. కానీ నికెల్, టైటానియం తీగలను ఎర్రగా కాల్చి శుభ్రం చేయొద్దు. షార్ట్ అయితే తనంతట తాను ఆగిపోయే పరికరంలోనే ఇవన్నీ చేయాలి, లోపల సర్క్యూట్ లేని ఒట్టి గొట్టాల్లో కాదు, బ్యాటరీ పేలుతుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తా. మాడు రుచి వచ్చాక కూడా ‘ఇంకో రెండు రోజులు లాగిద్దాం’ అనుకోకు. ఎండిన దూది మీద లిక్విడ్ మాడినప్పుడు ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విష పదార్థాలు పుడతాయి, అవి నేరుగా నీ ఊపిరితిత్తుల్లోకే పోతాయి. పొదుపు అక్కడ వద్దు.

ఈ రెండు నెలల మాటేంటి అంటావా? సిగరెట్ మానుదామనే మొదలుపెట్టానని నువ్వే రాశావు, ఇప్పుడు వేప్ లేదని మళ్లీ సిగరెట్‌కో, మన దిక్కున ఇంటింటా చుట్టే బీడీకో పోతే రెండేళ్ల కష్టం వృథా. మందుల షాపులో 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ దొరుకుతుంది. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమిలేసి, పని చేయలేదని పారేసినవాళ్లు చాలామంది. నెమ్మదిగా నాలుగుసార్లు నమిలి, ఘాటు తగలగానే చెంపకూ చిగురుకూ మధ్య పెట్టి వదిలేయాలి, ఘాటు తగ్గాక మళ్లీ. వేసుకునే ముందు పావుగంట చాయ్ వద్దు, చాయ్ తాగితే నికోటిన్ సరిగా ఎక్కదు. మొదటి మూడు నాలుగు రోజులు చిరాకుగా ఉంటుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టు. 1800-11-2356 కు ఫోన్ చేస్తే పొగాకు మానడానికి ఉచితంగా సలహా ఇస్తారు. గుండె జబ్బో, వేరే మందులో ఉంటే గమ్‌కు ముందు డాక్టర్‌ను అడుగు.

ప్రశ్న: సార్, మాది హనుమకొండ. ఇంటర్ రెండో సంవత్సరం చదివే మా అబ్బాయి బ్యాగులో స్కెచ్ పెన్నులాంటిది దొరికింది, పుచ్చకాయ వాసన వస్తోంది. ఏందిరా ఇది అంటే ‘వేప్’ అన్నాడు, నేను వేప పుల్లలాంటిదేమో, పళ్లకు మంచిదేమో అనుకున్నా. మా చెల్లెలు చెప్తే అర్థమైంది. అందులో నికోటిన్ లేదు, ఒట్టి ఆవిరి అంటున్నాడు. కాలేజీకి చెప్పాలా?

జవాబు: అమ్మా, వేప పుల్ల అనుకోవడంలో మీ తప్పేం లేదు, పేరు అలాగే ఉంది మరి. అది ఒట్టి ఆవిరి మాత్రం కాదు, గ్లిజరిన్ లాంటి ద్రవాలు, ఫ్లేవర్, ఎక్కువ వాటిలో నికోటిన్, ఇవన్నీ సన్నని తుంపరగా లోపలికి పోతాయి. డబ్బా మీద నికోటిన్ లేదని రాసి ఉన్నా నమ్మడానికి లేదు, దొంగచాటు సరుకు మీద రాసిందానికి విలువేంటి? నికోటిన్ ఉన్నా లేకున్నా చట్టానికి రెండూ ఒకటే.

కాలేజీకి వెంటనే పోవద్దని నా అభిప్రాయం. ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా మెదడు ఎదుగుతూనే ఉంటుంది, ఆ వయసులో నికోటిన్ తొందరగా పట్టుకుంటుంది, కాబట్టి విషయం చిన్నది కాదు. కానీ నలుగురి ముందు నిలదీస్తే దాచే చోటు మారుస్తాడు, అంతే. ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి: రోజూనా, అప్పుడప్పుడా, పొద్దున లేవగానే కావాలనిపిస్తోందా? లేవగానే కావాలంటే అలవాటు ముదిరినట్టు, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి, పై నంబరు మీకూ పనికొస్తుంది.

దొరికినదాన్ని పొయ్యిలో వేయకండి, చెత్తబండిలోనూ వేయకండి, లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, నలిగితే మంట అంటుకుంటుంది. పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోట ఇవ్వండి. అప్పటిదాకా ఇంట్లో చిన్నపిల్లలకు అందని ఎత్తులో పెట్టండి, పుచ్చకాయ వాసనకు నోట్లో పెట్టుకుంటారు, ఆ ద్రవం కొంచెం మింగినా పిల్లలకు విషమే.